ఇటలీ పాదులో గుమ్మడి



వృక్షశాస్త్రం మాస్టారి స్మారక సభలో వంటల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. మొక్కను పుస్తకంలోనే చూసి ఊరుకోవద్దని, పాదు దగ్గరా సంతలోనూ పొయ్యి మీదా కూడా చూడమని మాస్టారు చెప్పేవారు. ఒక కాయ చరిత్రలో సగం దాన్ని వండిన వాళ్ళ చరిత్రేనని మేం నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆ ధైర్యంతోనే ఇవాళ ఇటలీ దేశపు గుమ్మడికాయను మీ ముందు పెడుతున్నాను.

ఇటలీ వంట అనగానే అందరికీ టమాటా గుర్తొస్తుంది. టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చిందన్న సంగతీ ఇప్పుడు చాలామందికి తెలుసు. గుమ్మడి కూడా ఆ ఖండం నుంచే, కొలంబస్ తర్వాతి ఓడల కాలంలోనే వచ్చింది. కానీ ఈ రెండింటికీ దొరికిన ఆదరణలో పెద్ద తేడా ఉంది. టమాటాను ఇటలీ చాలాకాలం నమ్మలేదు. టమాటా పులుసు తయారీ అచ్చులో కనిపించేది 1690లలో, నేపుల్స్‌లో ఆంటోనియో లాతీని రాసిన పుస్తకంలో. గుమ్మడి కూరిన వంటకం మాత్రం అంతకు వందేళ్ళ ముందే, 1584లోనే, ఒక రాజ కొలువు వంటల పుస్తకంలోకి ఎక్కింది. ఇద్దరు పరాయివాళ్ళు ఒకే ఇంటికి వస్తే ఒకరిని వందేళ్ళు గుమ్మంలో నిలబెట్టి, ఇంకొకరిని నేరుగా వంటింట్లోకి ఎందుకు తీసుకెళ్ళారు? నా ఉపన్యాసమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నాకు తోచిన జవాబు ఆనపకాయ. మన దొడ్లో పాకే ఆనప, కొందరు సొర అంటారే, అదే. కొలంబస్ 1492లో అట్లాంటిక్ దాటకముందు ఐరోపాకు బాగా తెలిసిన పెద్ద తీగకాయల్లో అదొకటి. రోమన్లు దాన్ని ఇష్టంగా తిన్నారు. అపీషియస్ పేరుతో మనకు దక్కిన రోమన్ వంటల పుస్తకంలో ఆనపకాయను ఉడకబెట్టే తీరు, వేయించే తీరు, అలెగ్జాండ్రియా పద్ధతిలో వండే తీరు వరసగా ఉన్నాయి. మార్షల్ అనే కవి కేసీలియస్ అనే పిసినారిని ఎత్తిపొడుస్తూ ఒక చిన్న పద్యమే రాశాడు. ఆ కేసీలియస్ విందుకు పిలిచి, మొదటి వడ్డన నుంచి చివరి తీపి దాకా అన్నీ ఆనపకాయతోనే చేయించేవాడట. పుట్టగొడుగులు ఆనపకాయే, చేప తోక ఆనపకాయే, ఖర్జూరాలూ ఆనపకాయే. ఆ వెక్కిరింతలో మనకు పనికొచ్చే సమాచారం ఒకటుంది. చప్పటి తీగకాయను కోసి, రుచులు ఎక్కించి, మరో పదార్థంలా భ్రమింపజేసే వంటవాళ్ళ నైపుణ్యం రెండు వేల ఏళ్ళ కిందటే ఆ నేల మీద ఉంది.

అందుకని అమెరికా గుమ్మడి వచ్చినప్పుడు ఇటలీ రైతుకు అది వింతగా తోచలేదు. అదే తీగ, అదే పాదు, అదే కత్తి. పాత కాయకున్న పేరునే కొత్త కాయకూ పెట్టుకున్నారు. చరిత్ర రాసేవాళ్ళకు దీనివల్ల కొంత తలనొప్పి తప్పదు. 16వ శతాబ్దపు కాగితంలో ఆ పేరు కనిపిస్తే అది ఏ కాయో తేల్చడం ప్రతిసారీ సాధ్యం కాదు. అక్కడ మనకు దన్నుగా నిలిచేవాడు ఒక చిత్రకారుడు.

రోమ్‌లో టైబర్ నది ఒడ్డున, అగోస్తినో కీజీ అనే వడ్డీ వ్యాపారి కట్టించుకున్న భవనం ఉంది. ఇప్పుడు దాన్ని విల్లా ఫార్నెసీనా అంటారు. అందులో రఫాయెల్ శిష్యబృందం క్యూపిడ్, సైకీల కథను పైకప్పు నిండా చిత్రించింది. కథను చట్టంలా చుట్టి ఉండే పూలపళ్ళ తోరణాలను గీసినవాడు జోవన్నీ దా ఊదినె. కాలం 1515 నుంచి 1518 దాకా. ఆ తోరణాల్లో నూట అరవైకి పైగా రకాల మొక్కలను శాస్త్రజ్ఞులు గుర్తుపట్టారు. వాటిలో మొక్కజొన్న ఉంది, అమెరికా గుమ్మళ్ళున్నాయి. పక్కనే పాత ఆనపకాయ కూడా వేలాడుతోంది. కొలంబస్ మొదటి ప్రయాణానికి ముప్ఫై ఏళ్ళు నిండకముందే, అంత దూరపు కాయ రోమ్‌లో చిత్రకారుడి కళ్ళ ముందుకు వచ్చేసింది. వేదాంతం కోసం గీసిన బొమ్మ కాదు కాబట్టి కాయ తొడిమ, గీతలు, బొడిపెలు ఉన్నవి ఉన్నట్టు గీశాడు. వృక్షశాస్త్ర చరిత్రకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు పో నది మైదానానికి వెళదాం. ఫెరారాలో ఎస్తె వంశం, మాంతువాలో గొంజాగా వంశం ఏలుతున్న రోజులు. ఫెరారా కొలువులో విందుల పర్యవేక్షకుడు జోవన్ బత్తీస్తా రొసెత్తి. ఆయన 1584లో అచ్చేయించిన పుస్తకంలో గుమ్మడి కూరి వెన్నతో వడ్డించే పిండివంటకం ఉంది. ఫెరారాలో ఈనాడు కప్పెలాచ్చి అని పిలిచే వంటకానికి పూర్వరూపంగా దీన్నే చూపిస్తారు. రైతుల గడ్డిటోపీ ఆకారంలో మడుస్తారు కనుక ఆ పేరు. లోపల వయొలిన్‌లా నడుము సన్నగా ఉండే గుమ్మడిరకం గుజ్జు, పార్మిజానో చీజ్, జాజికాయ పొడి. ఇంతే. పైన కరిగిన వెన్నా సేజ్ ఆకులూ వేస్తారు, లేదా మాంసం ముక్కల పులుసు పోస్తారు.

మాంతువా అక్కడికి వంద కిలోమీటర్ల దూరం కూడా లేదు. రుచి మాత్రం వేరే లోకం. అక్కడ గుమ్మడిని నీళ్ళలో ఉడికించరు, పొయ్యిలో కాలుస్తారు, తడి ఆరిపోవాలని. గుజ్జును జల్లెడలో రుద్ది దించి, అందులో అమరెత్తి అనే చేదు బాదం బిస్కట్లను పొడిచేసి కలుపుతారు. జాజికాయ, నిమ్మతొక్క తురుము, గట్టి చీజ్ పడతాయి. ఆ తర్వాత మొస్తార్ద పడుతుంది. ఆపిల్, బేరి, లేదా క్విన్స్ పళ్ళను పంచదార పాకంలో నానబెట్టి, ఆవసారం చుక్కలు వేసి నిలవ చేసేదే మొస్తార్ద. దాన్ని సన్నగా తరిగి ముద్దలో కలిపి, ఒక రాత్రంతా చల్లని చోట ఉంచుతారు. మర్నాడు గుడ్డు వేసి కలిపిన పిండిని వెనకున్న వెలుతురు కనబడేంత పలచగా పామి, ముద్దను మధ్యలో పెట్టి అంచులు నొక్కుతారు. నోట్లో వేసుకోగానే తీపి, వెంటనే చేదు, చివర్న ఆవఘాటు ముక్కుకెక్కడం. ఆవపెట్టిన కూర తిని పెరిగిన మన నాలుకకు ఆ మూడోది ఏమిటో వివరించాల్సిన పని లేదు.

ఈ మాంతువా వంటకం క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనంలో తప్పనిసరి. కారణం మతపరమైనది. ఆ రోజు కాథలిక్కులు మాంసం ముట్టని ఆచారం ఉండేది. ఏడాదిలో అలాంటి రోజులు పూర్వం చాలా ఉండేవి. మాంసం లేకుండానే పండగ భోజనంలా నిండుగా ఉండే పదార్థం కావాలి. చలికాలం దాకా అటక మీద చెడకుండా నిలిచే కూరగాయ కావాలి. ఈ రెండు అవసరాలనూ గుమ్మడి ఒక్కటే తీర్చింది. నా లెక్కలో ఇటలీ గుమ్మడిని పెంచి పెద్ద చేసింది రాజులకన్నా ఎక్కువగా ఈ ఉపవాసాల పంచాంగమే.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఫెరారా ఆడపడుచు ఇసబెల్లా దెస్తె మాంతువా కోడలైంది కాబట్టి ఈ వంటకం ఆమె పుట్టింటి నుంచి వెంట తెచ్చిన సారె అని ఎవరైనా కథ చెబితే నమ్మకండి. ఆమె పెళ్ళి 1490లో అయింది. అప్పటికి కొలంబస్ ఓడ ఎక్కనేలేదు.

ఇక వెనిస్ కాయలు సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇసక నేలలవి. అక్కడి కియోజ్జా ఊరి గుమ్మడి చూడ్డానికి అందంగా ఉండదు. బూడిద కలిసిన ఆకుపచ్చ తొక్క, దాని నిండా బొడిపెలు. కోస్తే లోపల మాత్రం ముదురు నారింజరంగు, పిండిలా పొడిగా ఉండే కండ. నీరు తక్కువ కాబట్టి చిన్న ఉండలు చేసి ఉడికించే న్యోకీకి అంతకన్నా మంచి కాయ లేదు. ఒకప్పుడు కాల్చిన ముక్కల్ని వెనిస్ వీధుల్లో కేకలేసి అమ్మేవారు. ఉల్లిపాయ, వెనిగర్, ఎండుద్రాక్షలతో నావికులు చేపను నిలవ చేసే పద్ధతిలోనే గుమ్మడి ముక్కల్నీ ఊరబెడతారు. ఇంకా ఉత్తరాన ఫ్రియూలీలో గుమ్మడి ఉండల మీద పొగబెట్టిన రికోత్తా చీజ్ తురుముతారు. లిగూరియా తీరంలో అల్బెంగా ఊరిది బూరలా వంగిన పొడుగుకాయ. ఒక్కో లోయదీ ఒక్కో విత్తనం.

దక్షిణానికి దిగితే రాజుల వంటిళ్ళు వెనకబడి పేదవాడలు ఎదురవుతాయి. నేపుల్స్‌లో గుమ్మడి, పాస్తా ఒకే గిన్నెలో మెత్తగా ఉడుకుతాయి. సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో దొరికే వంటకం పేరు వింటే ఆశ్చర్యమేస్తుంది: ఏడు ధారల కాలేయం. అందులో కాలేయం మచ్చుకైనా ఉండదు. దొరలు కాలేయాన్ని తీపిపులుపుగా వండించుకునేవారని, ఆ ఘుమఘుమ వీధిలోకి వచ్చేదని, మాంసం కొనలేని జనం గుమ్మడిని కాలేయం ముక్కల్లా కోసి, వెల్లుల్లితో నూనెలో వేయించి, వెనిగర్, పంచదార, పుదీనా వేసి అదే వాసన పుట్టించారని ఊళ్ళో చెప్పుకుంటారు. వూచ్చిరియా బజారు దగ్గర ఏడు ధారల ఫౌంటెన్ పక్కన అమ్మేవాళ్ళ వల్ల ఆ పేరొచ్చిందట. ఇది జనం నోట నడిచే కథ. 1584 లాంటి తేదీ ఏదీ దీనికి లేదు. ఎందుకు లేదంటే వండినవాళ్ళ దగ్గర కాగితం లేదు.

అదే సిసిలీలో పాత ఆనపకాయ ఇంకా బతికే ఉంది. మీటరు దాటి సాగే పొడుగు రకం. దాని లేత ఆకుల్నీ తీగ చివళ్ళనూ వేసవిలో పాస్తాతో వండుకుంటారు. కొత్త చుట్టం వచ్చాక పాతవాణ్ణి గెంటెయ్యని ఆ ద్వీపం మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

గుమ్మడి తిండితో ఆగలేదు. నవంబరు మొదటి రెండు రోజులూ ఇటలీలో పునీతుల పండగ, పితృదేవతల పండగ. పూల్యా ప్రాంతంలోని ఓర్సారా అనే కొండ ఊళ్ళో 1వ తేదీ రాత్రి వీధి వీధినా మంటలు వేస్తారు, తొలిచిన గుమ్మడితలల్లో దీపాలు పెడతారు. ఆ వెలుగు చూసి ఆత్మలు తమ ఇళ్ళు గుర్తుపడతాయని నమ్మకం. కలాబ్రియాలోని సెర్రా సాన్ బ్రూనోలో పిల్లలు పుర్రెలా చెక్కిన గుమ్మడిని పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కానుక అడుగుతారు. దీన్ని అమెరికా హాలోవీన్‌కు నకలు అనే తొందరపాటు మాట నాకు నచ్చదు. ఓర్సారా వాళ్ళయితే ఆ పోలికనే ఒప్పుకోరు.

పువ్వు కూడా వృథా కాదు. రోమ్‌లో పువ్వులో మొజరెల్లా, ఉప్పుచేప పెట్టి పిండిలో ముంచి వేయిస్తారు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల నెత్తిన మనం పెట్టేది ఆ కుటుంబపు పువ్వే. మన గుమ్మడి కూడా ఆ అమెరికా తీగ సంతానమే.

మళ్ళీ ఇటలీ పుస్తకాల దగ్గరికి వద్దాం. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూసీ ఫ్లోరెన్స్‌లో తన వంటల పుస్తకం అచ్చేశాడు. దేశం ఒకటై ముప్ఫై ఏళ్ళయినా వంటలు ఇంకా ఎవరి ఊరివి వారివే. ఆ పుస్తకంతోనే ఒక ప్రాంతపు వంట మరో ప్రాంతపు ఇంటికి చేరింది. అందులో పసుప్పచ్చ గుమ్మడి కేకు ఉంది: కిలో కాయను తురిమి, గుడ్డలో కట్టి, మూడు వందల గ్రాములయ్యేదాకా పిండమంటాడు. ఆ ఒక్క వాక్యంలో ఎంతో మంది గృహిణుల చేతి అనుభవం ఉంది.

ఫెరారా కప్పెలాచ్చికి ఐరోపా సమాఖ్య 2016లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు కోరుతూ ఊరు చూపించిన ఆధారాల్లో రొసెత్తి పుస్తకం ఉంది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక ఉద్యోగి రాసుకున్న వంటకం ఇవాళ ఆ జిల్లా రైతుకు ధర తెస్తోంది. పలెర్మో పేదరాలికి అలాంటి కాగితం లేదు, మన ఇళ్ళలో చాలామందికీ లేదు. కాబట్టి ఈ సభకు వచ్చిన విద్యార్థులకు మాస్టారి పేరు మీద నాదొక విన్నపం. మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఏ గుమ్మడి రకాన్ని ఏ పండక్కి ఎలా వండేవారో, విత్తనం ఎక్కడిదో, ఊరి పేరుతో తేదీతో సహా అడిగి రాయండి. రాసింది మన కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి.