మాత్ర మానవద్దు, తాగుడు తగ్గించండి
(జవళగిరి కార్మికుల సమావేశంలో సంఘ కార్యదర్శి ప్రసంగం)



హెచ్.ఐ.వి. సోకకుండా రోజుకొక మాత్ర వేసుకునే పద్ధతిని, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది.

మద్యం ఈ మాత్ర గుణాన్ని చెరపదు, మన జ్ఞాపకాన్ని చెరుపుతుంది. తాగిన రాత్రి మాత్ర మరచిపోతాము, నిరోధ్ మరచిపోతాము. "తాగాము గదా, ఈ రోజుకు మాత్ర వద్దు" అనుకోవడం ఇంకా ప్రమాదం. తాగినా మాత్ర మానకూడదు.

మేము కోరేది మూడు. ఏ షిఫ్టయినా డ్యూటీకి బయలుదేరే ముందే, సెలవునాడు పొద్దున్నే మాత్ర వేసుకోండి. జీతం రోజున టాస్మాక్ దుకాణానికి కాక ముందు ఇంటికి వెళ్ళి, తాగుడు తగ్గించండి. తాగకపోతే చేతులు వణికేవారు ఒక్కసారిగా మానక వైద్యునికి చూపించుకోండి. మూడు నెలలకొకసారి ప్రభుత్వ ఆసుపత్రిలోని నంబిక్కై మయ్యంలో ఉచితంగా రక్తపరీక్ష చేయించుకోండి. సందేహమొస్తే 1097కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

పని పోతుందని మాత్ర దాచి, ఆపై మానేయవద్దు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం ఉద్యోగానికి హెచ్.ఐ.వి. పరీక్ష షరతు పెట్టరాదు. ఎవరైనా పెడితే సంఘానికి చెప్పండి. పేరు బయట పెట్టము, పక్కన నిలబడతాము.