దారిలో కోపము
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మన ధ్యానము కొరకు సంఖ్యాకాండము 22వ అధ్యాయము, 21 నుండి 35 వచనములు తెరచి పెట్టుకొనండి.

అవుకు నుండి బనగానపల్లెకు మోటారు సైకిలు మీద వెళ్ళేవారికి ఈ అనుభవము ఉంటుంది. ముందర నాపరాళ్ళ లారీ. మీరు ఎంత హారన్ కొట్టినా సైడ్ ఇవ్వడు. ఎండ, దుమ్ము, ఆలస్యము. లోపల మంట మొదలవుతుంది. ఎలాగో దాటి, లారీకి అడ్డముగా బండి ఆపి, "కళ్ళు కనబడవా?" అని కేక వేస్తారు. అంత రాతి బరువుతో ఉన్న లారీ ఉన్నట్టుండి ఆగలేదన్న సంగతి ఆ కోపములో గుర్తుండదు.

బిలాము కూడా ఇరుకు దారిలోనే కోపపడ్డాడు. గాడిద పక్కకు తిరిగినందుకు కొట్టాడు. గోడకు అతని కాలు నలిగినందుకు మరల కొట్టాడు. అది కూలబడితే మూడవసారి కొట్టి, చేతిలో కత్తి ఉంటే చంపేవాడినన్నాడు. కత్తి దూసిన దేవదూత ఎదుట నిలిచియున్నాడు. గాడిద చూసింది, ప్రవక్త చూడలేదు. తనను ఆలస్యము చేసినదే తన ప్రాణము కాపాడినదని అతనికి తరువాత తెలిసింది. కోపము మొదట చేసే పని అదే, కళ్ళు మూసివేస్తుంది. ఎదుట ఉన్నది బండి అనిపిస్తుంది గాని, అందులో ఒక తల్లి బిడ్డ ఉన్నాడని కనబడదు.

1988 డిసెంబరు 27న పంజాబులోని పటియాలాలో, రోడ్డు మీద వాహనము విషయమై మాటామాటా పెరిగింది. క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ చేతిదెబ్బ తిన్న 65 ఏండ్ల పెద్దాయన మరణించారు. గాయపరచిన నేరమునకు 2022 మే 19న సుప్రీంకోర్టు సిద్ధూకు ఒక సంవత్సరము కఠిన జైలుశిక్ష విధించింది. గొడవ కొద్ది నిమిషములే. అది రెండు కుటుంబములను వెంటాడినది 33 సంవత్సరములు!

మన సీమలో పౌరుషమునకు విలువ ఎక్కువ. దారి ఇస్తే తగ్గిపోయామనుకుంటాము. కాని సమరయ గ్రామము యేసును చేర్చుకొననప్పుడు, ఆకాశము నుండి అగ్ని రప్పిద్దామన్న శిష్యులను ఆయన గద్దించి, మరియొక గ్రామమునకు వెళ్ళిపోయాడు. దారి మార్చుకొన్నందుకు ఆయన మహిమ తగ్గినదా?

కాబట్టి ప్రియులారా, ఎవడైనా మీ వెనుక కోపముతో తరుముకొని వస్తే, వేగము తగ్గించి, ఎడమకు జరిగి పోనివ్వండి. మాటకు మాట, సైగకు సైగ వద్దు. వదలక వెంబడిస్తే నిర్జన స్థలములో ఆగవద్దు, ఇంటికి దారి చూపవద్దు. జనమున్న పెట్రోలు బంకుకో, పోలీసు స్టేషనుకో వెళ్ళండి. కారులో ఉంటే తలుపులు వేసుకొని 112కు ఫోన్ చేయండి. కోపము మీలోనే పొంగితే, బండి పక్కకు ఆపి, నీళ్ళు త్రాగి, ఒక్క నిమిషము ప్రార్థించండి.

బయలుదేరేటప్పుడు ప్రయాణము కొరకు ప్రార్థిస్తాము. ఇకమీదట దారిలో మనకు ఎదురయ్యేవారి కొరకు కూడా ప్రార్థిద్దాము. మన ఇంటిలో వలెనే, వారి ఇంటిలో కూడా గుమ్మము వైపు చూస్తూ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

దేవుడు మీ రాకపోకలయందు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.