చీపురు ఎవరి చేతిలో ఉంది?

(జనవరి 3, సావిత్రిబాయి ఫూలే జయంతినాడు వాడలో జరిగిన సభలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



1848లో పూణేలో జోతిరావు ఫూలేతో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టిన తల్లి సావిత్రిబాయి. ఆ తల్లి గురించి నాకన్న ముందు మాట్లాడినవాళ్లు చెప్పిన్రు. నేను మా బడిలో పోయిన నెల గడిచిన ఒక వారం సంగతి చెప్త. అందులో నా తప్పు కూడా ఉంది. దాచను.

సోమవారం. ఒకటే చలి. నేను పోయేసరికి వాడ పిల్లలు గోడకు ఆనుకొని ఎండ కాగుతున్నరు. అమ్మానాయనలు పొద్దుగాలనే పత్తి ఏరబోతరు గనక బడికి వీళ్లే ముందొస్తరు. ఒక్కరికి స్వెట్టర్ లేదు. తాళం తీసి "చీపుర్లు పట్టుండ్రి" అన్న. రోజూ అన్నట్టే అన్న. ఊరి పిల్లలు గంట కొట్టే యాళ్లకు వచ్చి, ఊడ్చిన గదిలో కూర్చున్నరు.

మంగళవారం ఐదో తరగతి అమ్మాయి ఒకతె రాలేదు. బుధవారం వచ్చి "పత్తికి పోయిన సారూ" అంది. ఎండిన పత్తికాయల మొనలు గుచ్చుకొని వేళ్లన్నీ గీసుకుపోయినయి. దానికి చలి పగుళ్లు తోడు. పెన్సిలు పట్టలేకపోయింది. ఆ చేతులతోనే పొద్దున గది ఊడ్చింది. అప్పుడు కూడా నాకు తెలివి రాలేదు.

ఆ రోజే గుడ్డు పెట్టే రోజు. వండేది మన వాడ అక్క. మధ్యాహ్న భోజనం వంటకు దళితులను ముందు పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఊరు వినాలె గదా! ఇద్దరు ఊరి పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకొని దూరంగా కూర్చున్నరు. గుడ్డు మాత్రం తీసుకున్నరు. ఎందుకురా అంటే ఒకడన్నడు: "అన్నం తినొద్దన్నరు సారూ. గుడ్డుకు పెంకుంటది గదా." ఏడేండ్ల పిల్లగాడు! అంటరానితనం రద్దని రాజ్యాంగంలో 17వ అధికరణం ఉంది. ఈ పెంకు లెక్క ఏ పుస్తకంలో ఉంది?

గురువారం బాబాసాహెబ్ చదువు గురించి చెప్పిన. సాతారా బడిలో ఆయన గోనెపట్ట మీద విడిగా కూర్చునేది. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టను ముట్టేవాడు కాదు. రోజూ ఇంటికి మోసుకుపోయి మళ్లా తెచ్చుకోవాలె. చేతులు గీసుకుపోయిన ఆ అమ్మాయే లేచింది.

"ఆ బళ్లె ఊడ్వనీకి మనిషుండెనా సారూ?"

"ఉండె బిడ్డా."

"మన బళ్లె లేడు. అందుకే మేం ఊడుస్తున్నమా?"

నా నోట మాట రాలేదు. ముందొచ్చినోళ్లను ఊడ్వమంటున్న అనుకున్న ఇన్నాళ్లు. ఊరి పిల్లలు ముందొస్తే అనేవాణ్నా? నేను వాడ బిడ్డనే, చిన్నప్పుడు బడి ఊడ్చినోణ్నే. మా సార్లు నన్నన్న మాటనే నేను కుర్చీల కూసొని అన్న.

శుక్రవారం హాజరుపట్టీ వరసలో రోజుకు నలుగురి పేర్లు రాసి గోడకు అంటించిన. ఊరు, వాడ, ఆడ, మగ తేడా లేదు. మొదటి పేరు నాది. చీపురు ముందు నేనే పట్టిన.

శనివారం ఒక తండ్రి వచ్చిండు. "ఏంది సారూ, మా పోరడు ఊడ్వనీకి బడికొస్తుండా?" అన్నడు. "వాడ పిల్ల అందుకే వస్తుందా?" అన్న. పైకి రాస్తనని పోయిండు.

రాయనీ. కానీ విచారణకు వస్తే నా పక్కన ఎవరుంటరు? అది అడగడానికే వచ్చిన. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలె. సగం మంది ఆడవాళ్లుండాలె. మన పిల్లల లెక్కకు తగ్గట్టు మనవాళ్లుండాలె. మా పుస్తకంలో వాడ తల్లుల వేలిముద్రలున్నయి, మీటింగులో మనుషులు లేరు. కూలి పోతదని రారు. సంఘపోళ్లు ఆ మీటింగు సాయంత్రం పెట్టమని అడగండి. ఊడ్వడానికి జీతమిచ్చి మనిషిని పెట్టమనండి. ఆ మనిషి వాడ నుంచే రావాలంటే ఒప్పుకోకండి. పిల్లను పత్తికి తోల్కపోయే తల్లిని తిట్టకండి, ఆమెకు కూలి పెరిగే దారి చూడండి.

మళ్లీ సోమవారం ఆ అమ్మాయి అందరికన్న ముందే వచ్చింది. గోడ మీది కాగితం చదివింది. "ఇయ్యాల నా పేరు లేదు సారూ" అని, ఎండలో కూసొని పుస్తకం తీసింది.

జై భీమ్!