శాలువాను బోర్లా వేసి చూడండి



మన వైపు చలి ఎంతని? ధనుర్మాసంలో తెల్లవారుజామున కొల్లేటి గట్టు మీద నడవాలన్నా ఒక దుప్పటి చాలు. అలాంటి చోట తాతల నాటి భోషాణంలో కాశ్మీరు శాలువా కనిపించిందంటే అది మర్యాద కోసం వచ్చి ఉండాలి. తిరుపతి వేంకట కవుల తరంలో అవధానం చేసిన పండితులను సంస్థానాల్లో శాలువా కప్పి సాగనంపేవారు. అలా వచ్చినదాన్ని కొడుకులూ మనవలూ పెళ్ళిళ్ళకు ఒకసారి భుజాన వేసుకుని, మళ్ళీ మడతపెట్టి దాచారు. ఇవాళ్టి సభల్లో పూలదండతో పాటు వచ్చే శాలువా సంగతి వేరు, ఫోటో తీయగానే దాని పని అయిపోతుంది. పాతది మీ ఇంట్లో ఉంటే దాన్ని చూడడం ఎలాగో ఈ పూట మాట్లాడుకుందాం.

బల్ల మీద తెల్లటి పంచె పరిచి, శాలువాను దాని మీద బోర్లా వేయండి. అవును, వెనక వైపే పైకి. కాశ్మీరులో ‘కానీ’ అనే రకం శాలువాను నేసేటప్పుడు మగ్గం మీద అది ఇలాగే ఉంటుంది. మనం భుజాన వేసుకుని మురిసిపోయే వైపు కిందికి ఉంటుంది. నేతగాడు నెలల తరబడి చూసేది వెనక వైపునే.

రంగురంగుల పోగులు చుట్టిన సన్నని కర్రపుల్లలను కానీలంటారు. మన చేనేత మగ్గంలో నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెడుతుంది కదా, ఇక్కడ పేక అలా పోదు. ఎర్ర పోగు పువ్వు రేకు ఉన్నంత మేరకే వెళ్ళి, పక్కనున్న పచ్చ పోగును మెలేసుకుని వెనక్కి మళ్ళుతుంది. ఆ మెలిక పడినచోటల్లా వెనక వైపు సన్నని గీత ఉబ్బుతుంది. వేలికొసతో మెల్లగా తడిమితే వరిమళ్ళ గట్లలా తగులుతుంది. ఏ వరసలో ఏ రంగు ఎన్ని పోగుల మీదుగా పోవాలో తాలీం అనే సంకేతలిపిలో రాసి ఉంటుంది. దాన్ని చదువుతూ, చదివి వినిపిస్తుంటే వింటూ నేస్తారు. పనితనం ఎక్కువైన శాలువా మగ్గం దిగడానికి ఏడాది దాటేది. ఉన్ని లడాఖులోని చాంగ్‌తాంగ్ పీఠభూమి మేకలది. పై బొచ్చు కింద, చలికి పెరిగే మెత్తటి నూగు అది. మన తలవెంట్రుకలో నాలుగో వంతు మందం కూడా ఉండదు.

వెనక్కి తిప్పి చూడడం ఏలూరు వాళ్ళకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు మొదలుపెట్టారని చెప్పే ఉన్ని తివాచీల ఊరు మనది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్ళాయి. తెలిసినవాడు తివాచీ కొనేముందు ఓ మూల ఎత్తి, వెనక ముడులు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తాడు. శాలువాకూ ఆ అలవాటే పనికొస్తుంది.

వెనక గట్లు తగలకుండా, కత్తిరించిన పోగుల కొసలు నూగునూగుగా కనిపిస్తే అది జకార్డు మగ్గం సరుకు కావచ్చు. స్కాట్లండులోని పెయిస్లీ, ఫ్రాన్సులోని లియాన్ లాంటి ఊళ్ళు కాశ్మీరు నమూనాలను అలా యంత్రం మీద దింపాయి. చిన్న చిన్న సూది కుట్లు కనిపిస్తే అది అమ్లీ, అంటే బొమ్మను కుట్టినది. 1803 ప్రాంతంలో ఖ్వాజా యూసుఫ్ అనే ఆర్మేనియా వర్తకుడు చవకగా వస్తుందని ఆ పద్ధతిని కాశ్మీరులో ప్రవేశపెట్టాడు. చవకన్నాను గనక చిన్నచూపు చూడకండి. మంచి అమ్లీ పని ముందు నాసిరకం కానీ వెలవెలబోతుంది.

ఇప్పుడు శాలువాను వెల్లకిలా తిప్పండి. మామిడిపిందెలు కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దంలో అక్కడ పిందె లేదు, వేరుతో సహా ఒక్క సన్నని పూలమొక్క ఉండేది. అది తర్వాత గుత్తి అయింది. 1800 నాటికి గుత్తి చుట్టూ గీత బిగిసి, తల వంగి పిందె అయింది. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి ఆ పిందె సాగి, మెలికలు తిరిగి, శాలువా అంతా ఆక్రమించింది. ఫ్రెంచి దొరసానుల సరదా అది. పనితనం అబ్బురమే గానీ, కన్ను నిలవడానికి చోటు వదలని ఆ చివరి రకం కంటే, నడుమ సాదాగా వదిలి చెంగుల్లో మాత్రం పిందెలు నిలబెట్టిన పాతదే నాకిష్టం. 1870లో ఫ్రాన్సు ప్రష్యాతో యుద్ధంలో పడగానే అక్కడికి సాగే శాలువాల బేరం కూలింది. 1877లో మొదలైన కరువు కాశ్మీరు నేతగాళ్ళను చెల్లాచెదురు చేసింది.

అతుకులు కనిపిస్తే చిన్నబుచ్చుకోకండి. పెద్ద శాలువాలను చాలాసార్లు ముక్కలు ముక్కలుగా వేర్వేరు మగ్గాల మీద నేసి, రఫూ చేసేవాళ్ళు కలిపేవారు. ఆ రఫూ కళ్ళకు దొరకదు, బోర్లా వేసి వెతకాలి. ఇంట్లో ముత్తవ్వ ముతక దారంతో వేసిన మాసిక సులువుగానే దొరుకుతుంది. దాన్ని విప్పి సరిచేయించాలనుకోకండి, దాని మానాన దాన్ని ఉండనివ్వండి.

కొల్లేటి తడిగాలి ఉన్నికి శత్రువు. వానలు వెనకపట్టాక నీడలో ఆరబెట్టండి. ఎండ తగిలితే రంగు పోతుంది. ప్రతిసారీ ఒకే మడత వేస్తే పోగు అక్కడే తెగుతుంది. కలరా ఉండలు వేసినా శాలువాకు తగలనీయకండి.

హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో శాలువాలు చూడొచ్చు. కానీ అద్దాల వెనక ఉన్నదాన్ని బోర్లా వేయనివ్వరు.

ఒక మాట మిగిలింది. ఇలాంటి శాలువాలను జతలుగా నేసేవారు. 1846 అమృతసర్ ఒప్పందంలో కాశ్మీరు పాలకుడు గులాబ్ సింగ్ ఏటా ఇంగ్లీషువాళ్ళకు ఇవ్వాల్సినవి ఒక గుర్రం, పన్నెండు శాలువా మేకలు, మూడు జతల శాలువాలు. మీ పెట్టెలో ఒకటే ఉంటే, వాటాలు వేసుకున్ననాడు రెండోది ఎవరి పాలికి వెళ్ళిందో పెద్దవాళ్ళను అడగండి. తాడేపల్లిగూడెంలో ఉన్న పెదనాన్నగారింట్లో ఏ బీరువా అడుగునో ఉండొచ్చు. దొరికితే రెండింటినీ పక్కపక్కనే పరిచి చూడండి. ఏది ఎండలో ఎక్కువ ఆరిందో, దేన్ని ఎక్కువసార్లు కప్పుకున్నారో రంగే చెబుతుంది.