దూడ వాటా, కొబ్బరి జున్ను



గేదె ఈనిందంటే మన డెల్టా పల్లెల్లో ఆ కబురు గంటలో ఊరంతా పాకుతుంది. పిన్నిగారి చెంబు, ఎదురింటి వదినగారి గిన్నె, వియ్యాలవారికొక సీసా. జున్నుపాలు పంచకపోతే మాట వస్తుంది. ఈ వాటాలన్నీ తీరాక పొదుగులో మిగిలింది దూడకు. అసలు హక్కుదారు దూడే గదా! ఆ సంగతీ, పాలు లేకుండా జున్ను చేసుకునే ఉపాయమూ ఈవేళ మీతో ముచ్చటించదలచాను.

ఒకసారి మొగల్తూరు నుంచి పేరుపాలెం వైపు ఒక రైతు ఇంటికి వెళ్ళాను. గేదె తెల్లవారుజామున ఈనింది. నేను వెళ్ళేసరికి పది గంటలు. దూడ లేవలేక పడి ఉంది. "ఇంకా మాయ పడలేదండీ, పడ్డాక వదులుతాం" అన్నది ఇంటావిడ. పొయ్యిమీద జున్ను మాత్రం ఉడుకుతోంది! ఇది తలకిందుల పద్ధతి. దూడ కుడిస్తే గర్భసంచి ముడుచుకుని మాయ పడడానికి సాయమవుతుంది. అందుచేత మాయ కోసం దూడను ఆపరాదు. ఆ దూడకు అప్పటికప్పుడు పాలు పట్టించాము, బతికింది. అన్నీ బతకవు.

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. ఆవు, గేదె దూడలకు అలా అందదు, జున్నుపాలతోనే రావాలి. పుట్టిన కొద్ది గంటలే దూడ పేగులు దాన్ని బాగా పీల్చుకుంటాయి. 24 గంటలు దాటేసరికి ఆ దారి ఇంచుమించు మూసుకుపోతుంది. కావున ఈనిన గంట, రెండు గంటల్లోనే దూడకు పాలు పట్టండి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదోవంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు దఫాలుగా అందాలి. ఆపైన మిగిలితే పంచుకోండి, కాదనేవారెవరు?

జున్నుపాలు వేడికి గడ్డకట్టేది కూడా ముఖ్యంగా ఆ రక్షక మాంసకృత్తుల వల్లనే. కొబ్బరిపాలలో అవి లేవు. ఒట్టి కొబ్బరిపాలు ఎంత ఉడికించినా జున్ను కావు, గడ్డకట్టించేది మనమే చేర్చాలి. సింహళంలో కొబ్బరిపాలు, బెల్లం, గుడ్లు కలిపి వటలప్పం అని ఆవిరిమీద వండుతారు. మన జున్నుకు దగ్గరగా వచ్చేది అదే.

ముదురు కాయ తీసుకోండి, కురిడీ పనికిరాదు. కోరి, గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా చల్లి, గుడ్డలో పిండి చిక్కని పాలు తీయండి. గ్లాసు పాలకు అరగ్లాసు బెల్లం తురుము కరిగించి, ఇసుక లేకుండా వడగట్టండి. రెండు కోడిగుడ్లు నురగ రాకుండా గిలకొట్టి కలపండి. మిరియాల పొడి, ఏలకులు మామూలే. గిన్నెకు మూత పెట్టి ఇడ్లీ పాత్రలో సన్నని సెగమీద అరగంట ఉంచండి. సెగ పెంచితే జున్ను తూట్లుపడి నీరు విడుస్తుంది. ఆ తొందర నేనూ పడ్డాను, జున్నుకు బదులు పులుసు తిన్నాము.

గుడ్డు తినని ఇళ్ళకు కన్నడంవారి హల్బాయి ఉంది. గ్లాసు బియ్యం నానబెట్టి, గ్లాసు కొబ్బరి కోరుతో మెత్తగా రుబ్బి, మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు, గ్లాసున్నర బెల్లం చేర్చి, అడుగంటకుండా కలుపుతూ గిన్నె అంచులు వదిలేదాకా ఉడికించి పళ్ళెంలో పోసి ముక్కలు కోయాలి. మా ఇంట్లో దీన్ని జున్ను అంటే ఒప్పుకోరు గాని, పళ్ళెం ఖాళీ అవుతుంది.

పాలు పడనివారికి ఇవి రెండూ మంచివే. అయితే కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు, సున్నం తక్కువ. కనుక పిల్లలకు పాలకు బదులు ఇదే చాలుననుకోకండి. మన ఎండలకు ఇవి త్వరగా పులుస్తాయి కూడా, ఏ పూటకాపూటే చేసుకోవాలి.

ఈసారి గేదె ఈనిన పూట పిన్నిగారి చెంబు వస్తే, ఒక ముక్క కొబ్బరి జున్ను చేతిలో పెట్టి, పాలు మూడోనాడు పంపిస్తామని చెప్పండి.