చంద్రునిపై దిగిన నాడు



2023 ఆగస్టు 23 సాయంకాలము చిక్కపేటలో బేరములు నిలిచిపోయినవి. కన్నడిగులు, తమిళులు, మార్వాడీలు, మనవారు, అందరమును ఒక్క సెల్‌ఫోనుపై తలలు వంచితిమి. 6 గంటల 4 నిమిషములకు చంద్రయాన్-3 విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ సమీపమున దిగెను. అచట దిగుటలో మన దేశమే మొదటిది.

"ఎగిరినది మా శ్రీహరికోటనుండి" యని మేమంటిమి. "ఆజ్ఞలు పంపినది మా పీణ్యనుండి గదా, శెట్టిగారూ" యని పొరుగు వర్తకుడు నవ్వెను.

2019 సెప్టెంబరు 7న ఈ వాదము లేదు. తెల్లవారుజామున చంద్రయాన్-2 విక్రమ్ సంకేతములు 2.1 కిలోమీటర్ల యెత్తు దాటి దిగిన పిదప ఆగిపోగా, శ్రీహరికోటయు పీణ్యయు ఎవరివియు కాకపోయినవి. అంగడిలో గూర్చుండి "ఇంత సొమ్ము మట్టిపాలు" అన్నవారము మేమే. పీణ్యలో పనిచేయు మనవారి యమ్మాయి యొకతె అప్పుడచట చీర చూచుచుండెను. విని, మారుపలుకక వెడలిపోయెను. మట్టిపాలన్న ఆ చంద్రయాన్-2 కక్ష్యలో తిరుగుచు తీసిన చిత్రములే తరువాతి దిగుచోటు నెంచుటకు పనికివచ్చినవట!

మరునాడు మిఠాయి పొట్లముతో ఆమె యింటికి బోయితిమి. "అమ్మాయి యింకను రోవరు పనిలోనే యున్నదండీ" యని తల్లి చెప్పెను. పొట్లమిచ్చి మరలితిమి. నేడామె ఈ సభలో నున్నది గనుక చెప్పుచున్నాము: అమ్మా, ఆనాటి మాట మాది తప్పు.