అన్నం పెట్టని ఆతిథ్యం



మా సౌకార్‌పేటకు ఆ పేరు సౌకార్ల వల్ల వచ్చింది. సౌకారంటే వడ్డీ వ్యాపారి అని తేలిగ్గా అనేస్తాం గాని, ఆ వ్యాపారం నడిచేదంతా నమ్మకం మీదనే. అయితే ఇచ్చింది తిరిగి వస్తుందన్న లెక్క ఆ నమ్మకం వెనుక ఉండనే ఉంటుంది. తిరిగి వచ్చేది ఏమీ లేదని తెలిసీ ఇచ్చిన ఒక పెద్దమనిషి గురించి ఈ పూట మీతో మాట్లాడతాను.

ఈ ప్రాంతంలోని అణ్ణాపిళ్ళై వీధిలో 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములుగారు జన్మించారు. రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యనూ, బిడ్డనూ పోగొట్టుకున్న తరువాత ఉద్యోగం వదిలి గాంధీగారి ఆశ్రమానికి వెళ్ళారు. 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం ఈ నగరంలోనే నిరాహార దీక్ష పూనారు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఆయన దీక్షకు కూర్చున్న ఇల్లు ఎవరిదని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు.

మైలాపూరులోని ఆ ఇల్లు బులుసు సాంబమూర్తిగారిది. కాకినాడలో న్యాయవాదిగా ఉండి, సహాయనిరాకరణ రోజుల్లో ప్రాక్టీసు వదులుకున్న మనిషి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ ఏర్పాట్లు చూస్తుండగా కొడుకు పోయినా, ఆ దుఃఖం దిగమింగి సభ పనులు నడిపించారని చెప్పుకుంటారు. 1937 నుంచి 1942 వరకు మదరాసు శాసనసభకు స్పీకరుగా ఉన్నారు. శ్రీరాములుగారు దీక్ష తలపెట్టినప్పుడు కాంగ్రెసు పెద్దల్లో చాలామంది దూరంగా నిలబడ్డారు. అరవై ఆరేళ్ళ సాంబమూర్తిగారు తలుపు తెరిచారు.

మన ఇళ్ళలో అతిథి వస్తే మొదటి మాట "భోంచేశారా" అనే కదా! తన గడపలోకి వచ్చిన మనిషి రోజురోజుకూ చిక్కిపోతుంటే, పక్కనే ఉండి పెట్టకుండా ఊరుకోవడం ఎటువంటి ఆతిథ్యం? ఈ కథ చెప్పినప్పుడు తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "ఆయనకి నిజంగా ప్రేమ ఉంటే బతిమాలైనా తినిపించేవారు కదా టీచర్?" అన్నాడు. తేలికైన ప్రశ్న కాదు. ప్రేమ, బతికి ఉండమంటుంది. విశ్వాసం, నీ మాట నిలబెట్టుకో అంటుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనసులో, యాభై ఎనిమిది రోజులు పెనుగులాడి ఉంటాయి. మిత్రుడి మీద జాలిపడి అతని వ్రతాన్ని చెడగొట్టడం సులభం. మనలో చాలామందిమి ఆ పనే చేస్తాం, దాన్నే ప్రేమ అనుకుంటాం కూడా. సాంబమూర్తిగారు అతని నిర్ణయాన్ని అతనికే వదిలి, చివరిదాకా నీడ ఇచ్చారు. నాకైతే అది ఉపవాసంకంటే తక్కువ కష్టమని తోచదు.

డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు ఆ ఇంట్లోనే కన్నుమూశారు. నాలుగు రోజులకు, 19న, నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడింది. మదరాసు మాత్రం అందులో చేరలేదు. సాంబమూర్తిగారు 1958లో కాలం చేశారు.

ఆ ఇల్లు ఇప్పుడు శ్రీరాములుగారి స్మారక భవనం. రాయపేట హైరోడ్డులో, నంబరు 126. ఇక్కడివాళ్ళు ప్యారిస్ కార్నర్‌లో మైలాపూరు బస్సు ఎక్కితే ఒక పూటలో చూసి రావచ్చు. వెళ్ళేటప్పుడు పిల్లలను కూడా తీసుకువెళ్ళండి.